బరువు తగ్గాలనుకునే బాలానగర్ వాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

ఇక్కడ రాస్తున్నవి వినగానే తప్పుగా తోచే సలహాలు. చిన్న లక్ష్యం పెట్టుకోమంటాను. మొదటి రెండు నెలలు అసలు తగ్గొద్దంటాను. తేదీ పెట్టుకోవద్దంటాను. చార్టు పక్కన పెట్టేయమంటాను. జిమ్‌లో ట్రైనర్ చెప్పేదానికీ, ఫ్యామిలీ గ్రూపులో వచ్చే వీడియోలకీ, ఆఫీసులో అతికించే పోస్టర్లకీ ఇవన్నీ ఎదురు తిరిగినట్టే ఉంటాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. బరువు తగ్గడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లలో చాలామంది పట్టుదల లేక కాదు, మొదట్లో రాసుకున్న అంకే తప్పు కావడం వల్ల ఓడిపోయారని నా అభిప్రాయం.

బాలానగర్ వాళ్లకని ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ ఒకే గల్లీలో రెండు రకాల జీవితాలు నడుస్తాయి. గాంధీనగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, ఫతేనగర్ వైపు షెడ్లలో పొద్దున్నే షట్టరెత్తి లేత్ ముందు నిలబడేవాళ్లు ఒక రకం. బాలానగర్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలోనో రాయదుర్గంలోనో దిగి, రాత్రి దాకా కుర్చీలో కూర్చునేవాళ్లు రెండో రకం. చాలా ఇళ్లలో తండ్రి మొదటి రకమైతే కొడుకో కోడలో రెండో రకం. ఇద్దరికీ ఒకే గిన్నెలో అన్నం వండుతారు, ఒకే పొట్ట పెరుగుతుంది.

ఆ కుర్చీ సంగతి మన ఊరి పరిశోధకులే తేల్చారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు హైదరాబాద్ ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 46 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. అంటే నడుము చుట్టుకొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వుల లెక్కలు కలగలిసి దారి తప్పడం. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను చూస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు చేరింది, 71 శాతం మంది ఊబకాయం లెక్కలోకి వచ్చారు. ఆ వార్త చదివిన రోజు ఎంతోమంది ఫోన్లో బీఎంఐ లెక్క కట్టుకుని ఉంటారు. 'నేను 65కి రావాలి' అని ఒక అంకె రాసుకుని ఉంటారు. మర్నాటి నుంచి రాత్రి అన్నం మానేసి ఉంటారు. నా సలహాలు ఆ అంకె రాసుకునే క్షణానికి సంబంధించినవి.

మొదట తూకం మిషన్ ఎక్కకండి. కుట్టుమిషన్ డబ్బాలో ఉండే టేపు తీయండి. మన దక్షిణాసియా ఒంటికి బరువు సగమే చెబుతుంది. దీనికి నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం ఇద్దరు డాక్టర్లు తమ సొంత ఒంటిమీద చూపించారు. పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఏ చార్టు చూసినా ఇద్దరూ పాసే. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోయడం మన జాతి లక్షణం. ఆ కొవ్వు చేరేది పొట్టలో, కాలేయంలో. అది తెలిసేది నడుము దగ్గర.

టేపును ప్యాంటు కట్టుకునే చోట పెట్టకండి. మన మగవాళ్లు పొట్ట కింద బెల్టు బిగించి 'నాది ముప్పై ఆరే' అంటారు, ఆ అంకెకు విలువ లేదు. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, టేపును బిగించకుండా కొలవాలి. మన దేశంలో డాక్టర్లు వాడే హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. ఇంకా సులువైన లెక్క కావాలంటే, నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. 168 సెంటీమీటర్ల మనిషికి 84. మీ మొదటి లక్ష్యం కిలోల్లో కాకుండా ఈ సెంటీమీటర్లలో రాసుకోండి. రోజూ నడిచే మనిషికి కొవ్వు కరిగి కండ కాస్త పెరిగితే మిషన్ మీద ముల్లు కదలకపోవచ్చు, టేపు మాత్రం నిజం చెబుతుంది. ముల్లు కదల్లేదన్న దిగులుతో మంచి అలవాటు మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక చార్టు సంగతి. భారతీయ పురుషుడు 65 కిలోలు, స్త్రీ 55 కిలోలు ఉండాలని పోషకాహార సంస్థ చెప్పిందని చాలామంది అనుకుంటారు. 2020 నివేదికలో ఆ అంకెలున్న మాట నిజమే. కానీ అవి రోజుకు ఎంత ప్రొటీన్, ఎంత శక్తి కావాలో లెక్క కట్టడానికి పెట్టుకున్న ప్రమాణ మనుషుల బరువులు. ఆ పురుషుడి ఎత్తు 177 సెంటీమీటర్లు, స్త్రీ ఎత్తు 162. బాలానగర్ చౌరస్తాలో నిలబడి చూడండి, 177 సెంటీమీటర్ల మగవాళ్లు ఎంతమంది కనిపిస్తారో. బీఎంఐ కూడా అంతే. 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త క్వెటెలే జనసమూహాల సగటు కోసం కట్టిన సూత్రం అది. దానికి ఇప్పటి పేరు పెట్టింది 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. ఆ హద్దు ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి పనికొస్తుంది. పదిహేనేళ్లుగా 30 దగ్గరున్న మనిషి ఎక్కడ ఆగాలో చెప్పడానికి పనికిరాదు.

పెళ్లినాటి బరువు, డిగ్రీలో ఉన్నప్పటి బరువు అసలే వద్దు. ఆ రోజుల్లో మీరు బస్సు కోసం నడిచారు, మెస్సులో పలచటి పప్పు తిన్నారు, ఆరింటికి ఇంటికొచ్చారు. ఆ జీవితం లేకుండా ఆ బరువు రాదు.

ఇప్పుడు అసలు సలహాకు వస్తాను. టేపుతో పాటు కిలోల్లో కూడా ఒక అంకె కావాలంటే, మీరు తగ్గాలనుకుంటున్న కిలోల్లో మూడో వంతు లోపే చాలు. 168 సెంటీమీటర్ల ఎత్తు, 86 కిలోల బరువు ఉన్న మనిషిని తీసుకుందాం. బీఎంఐ 30 దాటింది. చార్టు ప్రకారం 65 కిలోలకు రావాలి, అంటే 21 కిలోలు పోవాలి. నేను ఆరు కిలోలు చాలంటాను. 80. అంతే.

వినగానే 'ఇంత కష్టపడి ఆరు కిలోలా' అనిపిస్తుంది. ఆ నిరుత్సాహాన్ని కొలిచినవాళ్లున్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫోస్టర్ బృందం బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 60 మంది ఊబకాయపు స్త్రీలను మొదలుపెట్టకముందే అడిగింది: కలల బరువు ఎంత, సంతోషించే బరువు ఎంత, సరేలే అనుకునే బరువు ఎంత, ఇంతేనా అని నీరసపడే బరువు ఎంత? వాళ్ల లక్ష్యం సగటున తమ బరువులో 32 శాతం తగ్గడం. 17 కిలోలు తగ్గితే నీరసమే అన్నారు. 48 వారాల తర్వాత సగటున 16 కిలోలు తగ్గారు. వైద్యుడి లెక్కలో అది అద్భుతం. వాళ్ల లెక్కలో దాదాపు సగం మంది 'నీరసపడే బరువు' దాకా కూడా రాలేదు. 1997లో వచ్చిన ఈ అధ్యయనం ఎప్పుడు తలుచుకున్నా నా మనసు చివుక్కుమంటుంది. పదహారు కిలోలు తగ్గిన మనిషి ఓడిపోయానని ఇంటికెళ్లడం ఎంత అన్యాయం! ఆ ఓటమిని తెచ్చింది ఒళ్లు కాదు, కాగితం మీద రాసుకున్న అంకె.

ఆరు కిలోలతో ఒరిగేదేమిటని అడుగుతారు. చాలా ఒరుగుతుంది. చక్కెర వ్యాధి అంచున ఉన్నవాళ్లకు బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం అనే రెండే లక్ష్యాలు పెట్టిన అమెరికా అధ్యయనంలో వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. ఆ ఫలితాలు వచ్చింది 2002లో. 86 కిలోలకు 7 శాతం అంటే సరిగ్గా ఆ ఆరు కిలోలే. మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో చక్కెర వ్యాధి రావడం 28.5 శాతం తగ్గింది, వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. మిషన్ 'ఏమీ జరగలేదు' అన్నప్పుడు కూడా లోపల జరుగుతూనే ఉంటుందన్న మాట.

అందుకే అంకెను కారణం నుంచి తీయండి. కాలేయంలో కొవ్వు విషయంలో బరువులో 3 నుంచి 5 శాతం పోయినా మార్పు కనిపిస్తుంది, వాపు కూడా తగ్గాలంటే 7 నుంచి 10 శాతం కావాలి. రక్తపోటుకు కిలోకు ఒక పాయింటు చొప్పున మేలు జరుగుతుందని సగటు లెక్క. మోకాళ్ల నొప్పితో లేత్ ముందు ఎనిమిది గంటలు నిలబడే మనిషికి ఒక కిలో తగ్గితే, నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఆరు కిలోలు అంటే అడుగుకు ఇరవై నాలుగు. ఫతేనగర్ బ్రిడ్జి మెట్లు ఎక్కి దిగే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. కొత్తగా చక్కెర వ్యాధి వచ్చినవాళ్లు మందులు లేకుండా ఉండాలనుకుంటే అప్పుడు పెద్ద అంకె అవసరం. బ్రిటన్‌లో 2017లో వచ్చిన అధ్యయనంలో 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో 86 శాతం మందికి వ్యాధి వెనక్కి మళ్లింది. అది డాక్టరు కనిపెట్టుకుని ఉండగా చేయవలసిన పని, ఇంట్లో వీడియో చూసి చేసేది కాదు.

పెద్ద లక్ష్యం పెట్టుకుంటేనే కొంతైనా తగ్గుతామనే వాదనకు బలం లేకపోలేదు. పెద్ద అంకె పెట్టుకున్నంత మాత్రాన తగ్గడం ఆగిపోదని 2013లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. ఒప్పుకుంటాను. నా భయం తగ్గే నెలల గురించి కాదు, ఆ తర్వాతి సంవత్సరాల గురించి. ఆరు కిలోలు తగ్గి, అక్కడ ఏడాది నిలిచి, ఇంకో ఆరుకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి. రెండో లక్ష్యాన్ని మొదటి ఏడాది గడిచాకే రాయండి.

తేదీ మాత్రం పెట్టుకోకండి. దసరాకు పది కిలోలు, మాఘంలో పెళ్లికి పదిహేను అని రాసుకోవడం లెక్క తెలియక చేసే పని. ఆ తప్పు లెక్క ఎక్కడిదో కూడా చెబుతాను. 1958లో విష్నాఫ్‌స్కీ అనే అమెరికన్ డాక్టరు ఒక పౌండు కొవ్వుకు 3500 క్యాలరీలని రాశాడు. కిలోకు దాదాపు 7700. దాన్ని పట్టుకుని రోజుకు 240 క్యాలరీలు తగ్గిస్తే ఏడాదికి 11 కిలోలు పోతాయని అందరూ చెబుతారు. అలా జరగదు. ఒళ్లు చిన్నదయ్యే కొద్దీ దానికి కావలసిన ఖర్చూ తగ్గుతుంది. కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 2011లో లాన్సెట్‌లో సరైన లెక్క ఇచ్చింది. రోజుకు 24 క్యాలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్లు. అంటే ఆ 240 క్యాలరీలకు పది కిలోలే, అందులో ఐదు మొదటి ఏడాదిలో.

ఈ లెక్కను తిరగేసి వాడుకోవడమే లక్ష్యం ఎంచుకోవడానికి నాకు తెలిసిన నిజాయితీ గల పద్ధతి. జీవితాంతం మానగలిగింది ఏమిటో ముందు చూడండి. రోజుకు నాలుగు చాయ్‌లు తాగేవాళ్లు ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర వేసుకుంటే రోజుకు ఎనిమిది చెంచాలు. చెంచాకు ఐదు గ్రాములు, గ్రాముకు నాలుగు క్యాలరీలు, మొత్తం 160. చక్కెర లేని చాయ్ మీకు ఎప్పటికీ సమ్మతమేనా? అయితే ఆరున్నర కిలోలు మీవి, మూడేళ్లలో. సగం చక్కెరకే ఒప్పుకుంటారా? మూడు కిలోలు. ఆ మూడునే రాసుకోండి. తాలింపులో మనిషికి పది గ్రాముల నూనె తగ్గితే 90 క్యాలరీలు, ఇంకో మూడున్నర కిలోలు. సగటు లెక్కే అయినా, మీ నోటికీ మీ వంటింటికీ సంబంధించిన లెక్క ఇది. దీన్నుంచి వచ్చిన అంకెకు మీ సంతకం ఉంటుంది.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి తెలుగు ఊళ్లన్నీ చుట్టింది. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులతో రోజులు లెక్కపెట్టుకున్న ఇళ్లు మన చుట్టుపక్కలా చాలా ఉన్నాయి. వేగంగా తగ్గినవాళ్లు తగ్గారు. నా అభ్యంతరం అప్పుడు ఇంటింటా పాతుకుపోయిన ప్రశ్న మీద: ఎన్ని రోజులకు ఎన్ని కిలోలు? అన్నం మానగానే మొదటి వారంలో పోయేది చాలావరకు నీరు. అన్నం మళ్లీ పెట్టుకోగానే ఆ నీరు తిరిగి వస్తుంది. వరి తినే మనుషులం మనం. ఏనాటికైనా పప్పన్నం దగ్గరికి తిరిగి వస్తాం, రావాలి కూడా. ఆ రోజు ఏ బరువు నిలుస్తుందో అదే మీ బరువు. వేగానికి వేరే ఖర్చులు కూడా ఉన్నాయి. వారానికి కిలోన్నరకు మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ల ప్రమాదం పెరుగుతుంది. కడుపు మాడ్చుకున్న రెండు మూడు నెలలకు జుట్టు ఊడుతుంది. అది సరిగ్గా పెళ్లి రోజుల్లోనే ఊడటం చాలామంది అమ్మాయిల అనుభవం. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి ఒంటిని నలభై రోజులు పస్తు పెట్టమని ఎవరు చెప్పినా వినకండి.

అమెరికాలో టీవీ పోటీ కోసం సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే సగటున 41 కిలోలు తిరిగి వచ్చాయి. వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఆ ఒంటికి ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. సినిమా హీరో ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య సన్నబడటం చూసి అంకె రాసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 'యమదొంగ' కోసం ఎన్టీఆర్ తగ్గిన తీరు మన తరం మరచిపోలేదు. ఆయనకు అది వృత్తి. మీ వృత్తి వేరు.

అన్నిటికన్నా వింత సలహా ఇది. మొదటి ఎనిమిది వారాలు బరువు తగ్గకండి. ఉన్నచోటే ఉండటం నేర్చుకోండి. స్టాన్‌ఫర్డ్‌లో మైకెలా కీర్నన్ బృందం 267 మంది స్త్రీలను రెండు జట్లు చేసింది. ఒక జట్టు వెంటనే తగ్గడం మొదలుపెట్టింది. రెండో జట్టు ముందు ఎనిమిది వారాలు బరువును కదలకుండా ఉంచడం సాధన చేసి, తర్వాతే తగ్గడం మొదలుపెట్టింది. రెండు జట్లూ దాదాపు సమానంగా, ఎనిమిది కిలోల దాకా తగ్గాయి. ఏడాది తర్వాత చూస్తే మొదటి జట్టుకు మూడు కిలోలకు పైగా తిరిగి వచ్చింది, నిలకడ ముందు నేర్చుకున్న జట్టుకు కిలోన్నర లోపే.

బాలానగర్‌లో ఆ ఎనిమిది వారాలను ఆషాఢంలో మొదలుపెట్టమంటాను. బోనాలు ఉంటాయి, ఇంటికి చుట్టాలొస్తారు, మటన్ ఉంటుంది. ఆ వెంటనే శ్రావణం పెళ్లిళ్లు. ఇవన్నీ ఉన్న నెలల్లో ముల్లును కదలకుండా పట్టుకోగలిగితే మిగతా ఏడాదికి భయం లేదు. రాత్రి బిర్యానీ తిన్న మర్నాడు ఎలా సర్దుకోవాలో, నైట్ షిఫ్టు వారంలో తెల్లవారుజామున క్యాంటీన్‌లో ఏం తీసుకోవాలో, వద్దంటే నొచ్చుకునే అత్తయ్య ముందు సగం గరిటెతో ఎలా ఆపాలో అప్పుడే తెలుస్తుంది. ఈ విద్యలు బరువు తగ్గే హడావుడిలో ఎవరికీ పట్టవు.

లక్ష్యాన్ని ఒక్క అంకెగా రాయకండి. దీనికి వేరే ఊరి ఉదాహరణ అక్కర్లేదు. 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మన బాలానగర్‌లోనే ఉంది. అక్కడ చదివిన పిల్లలకూ, ఇక్కడి షెడ్లలో పనిచేసే ఏ టర్నర్‌కైనా తెలుసు: డ్రాయింగ్‌లో కొలత పక్కన ప్లస్ ఇంత, మైనస్ ఇంత అని టాలరెన్స్ లేకపోతే ఆ జాబ్ ఎవరూ చేయలేరు. అచ్చంగా 25 మిల్లీమీటర్లు అనేది మిషన్ మీద రాదు. హద్దులోపల ఉంటే జాబ్ పాస్. ఒంటికీ టాలరెన్స్ రాయండి. ఉప్పు, నీరు, నెలసరి, విరేచనం, నిద్ర, వీటివల్ల ఒకటి రెండు కిలోలు రోజు రోజుకూ అటూ ఇటూ అవుతాయి. 80 అని కాక, 78.5 నుంచి 81.5 అని రాసుకోండి. ఆ మధ్య ఎక్కడున్నా పాస్. ఉదయం లేచి బాత్రూంకి వెళ్లొచ్చాక, ఒకే మిషన్ మీద, వారంలో నాలుగైదు రోజులు తూచి సగటు తీయండి. ఒక్క రోజు అంకెను పట్టించుకోకండి.

పై హద్దు అసలైన లక్ష్యం. సగటు 81.5 దాటిన వారమే చాయ్‌లో చక్కెరా, సాయంత్రం బజ్జీలూ సరిచూసుకోవాలి. 85 అయ్యేదాకా ఆగకూడదు. రీనా వింగ్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో బరువు తగ్గినవాళ్లకు ఇలాగే రంగుల హద్దులు గీసి, తరచూ తూచుకుని, దాటగానే సర్దుకోవడం నేర్పారు. ముఖాముఖి శిక్షణ పొందిన వాళ్లలో 2.3 కిలోలకు మించి తిరిగి పెరిగినవాళ్లు ఏడాదిన్నరలో 46 శాతం. ఏ శిక్షణా లేనివాళ్లలో 72 శాతం.

ఇంజెక్షన్ల గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ తన కర్మాగారం పెట్టిన చోటు ఇది, మందుల మీద మనకు నమ్మకం ఎక్కువే. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవసరమైన వాళ్లకు అవి మంచి మందులు. కానీ వాటితోనూ చార్టులోని అంకె రాసుకోకండి. వెగోవీలోని మందుతో 68 వారాల్లో సగటున తగ్గింది 15 శాతం. 86 కిలోల మనిషికి 73. అంత గట్టి మందుకే 65 రాలేదు. ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఎన్నాళ్లు వాడాలి, నెలకు ఎంత ఖర్చు, ఆపితే ఏమిటి అన్న ప్రశ్నలు డాక్టరును అడిగాకే అంకె రాయండి.

ఆఫీసులో ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లకు బహుమతి అనే పోటీల్లో పేరు ఇవ్వకండి. మీ బరువు మీ టీమ్ లీడర్‌కు తెలియాల్సిన అవసరం లేదు.

కొందరు ఏ లక్ష్యమూ పెట్టుకోకూడదు. ఎదిగే పిల్లలు, గర్భిణులు, బాలింతలు, తిండి విషయంలో తమను తాము హింసించుకున్న గతం ఉన్నవాళ్లు అంకె జోలికి పోవద్దు. అరవై అయిదు దాటినవాళ్లకు కిలోల కన్నా కండ కాపాడుకోవడం ముఖ్యం, వాళ్లు తగ్గాలా వద్దా డాక్టరే తేల్చాలి. చక్కెరకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు మోతాదు మార్పించుకోకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దానంతటదే తగ్గుతుంటే సంతోషించకండి. టీబీ, చక్కెర వ్యాధి, థైరాయిడ్, ఇంకా పెద్ద జబ్బులు అలా బయటపడతాయి. ఆ వారమే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. సంబంధం మాట్లాడేటప్పుడు 'అమ్మాయి కాస్త తగ్గితే' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట విని రాత్రికి రాత్రి పిల్లకు చపాతీ ఒకటే పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఆ అంకె పిల్ల ఆరోగ్యం నుంచి రాలేదు, పరాయివాళ్ల నోటి నుంచి వచ్చింది. దాన్ని మీ ఇంట్లోకి రానివ్వకండి. మీ అమ్మాయికి నిజంగా బరువు ఇబ్బంది ఉంటే రక్తపరీక్ష చేయించి, డాక్టరుతో మాట్లాడి, ఆమెకు వీలైన వేగంలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. బరువు అడిగే సంబంధానికి వద్దని చెప్పి పంపండి.